ఎనిమిదీ నలభై

నేను లిఫ్టులు బాగుచేస్తాను, మోంతెవిదేవోలో,
పాతపేట భవనాల్లో,
ఇనప జాలీ తలుపుల ముసలి లిఫ్టులు.
మొన్న మార్చిలో ఒకటి మొరాయిస్తే
పనిముట్ల పెట్టెతో మెట్లెక్కుతూ
మూడో మలుపులో గోడ పట్టుకున్నాను.
గుమ్మడికాయ చంకనెత్తుకుని
దోన్యా నేలిదా, డెబ్బై ఒకటి,
"కాస్త తప్పుకో బాబూ" అంటూ దాటిపోయింది.

ఆ సాయంత్రమే బూట్లు కొన్నాను.

రాంబ్లా మీద, గాలాలు వేసేవాళ్ళ వీపుల వెనక,
మొదటి కిలోమీటరు: ఎనిమిదీ నలభై.
నెల తిరిగేలోగా ఆరు చేసెయ్యాలనుకున్నాను.
రోజూ కుక్క తరుముతున్నట్టే పరిగెత్తాను.
పిక్కలు రాళ్ళు, నోట్లో ఇనుము రుచి.
పదిహేను రోజులకి: ఎనిమిదీ ముప్ఫై ఎనిమిది.
రెండు సెకన్లు!
నా లిఫ్టు తలుపు మూసుకోడానికైనా చాలవు.
ఆపైన మోకాలి కింద ఎముక వెంట సన్నటి మంట,
నాకే లిఫ్టు కావాల్సి వచ్చింది.

"ఎవరు తరిమారు నిన్ను?"
గట్టుగోడ మీద కూర్చుని అడిగింది దోన్యా నేలిదా,
చంకలో ఈసారి గుమ్మడికాయ కాదు, థర్మాస్,
చేతిలో మతే బుర్ర.
"ఎవరూ లేరు" అన్నాను. ఆ కాస్త మాటకే
రెండు ఊపిరులు ఖర్చయ్యాయి.
"మాట పెగలని పరుగేం పరుగు?
రేపట్నుంచి సైకిలెక్కి పక్కన వస్తాను.
నువ్వు కబుర్లు చెప్పు. పూర్తి వాక్యాలు.
నసిగితే ఒప్పుకోను."

అలా మొదలైంది నా నడకలాంటి పరుగు.
తొమ్మిదీ నలభై. ఒక్కోరోజు పది.
కుక్కల్ని తిప్పేవాళ్ళు నన్ను దాటారు,
కుక్కలు జాలిగా వెనక్కి చూశాయి.
నేను చెబుతూ పోయాను:
లిఫ్టు మోటారు బలంతోనే లేస్తుందనుకుంటారందరూ,
అవతల చీకట్లో దిగే బరువు ఎవరికీ కనిపించదు, అని.
"ఊఁ" అంది, మతే పీలుస్తూ,
ఒంటిచేత్తో సైకిలు తిప్పుతూ.

గురువారాలు మాత్రం వేరు.
ఒక దీపస్తంభం నుంచి ఇంకోదానిదాకా వేగం,
మరోదానిదాకా నడక. అలా ఆరుసార్లు, కొన్నాళ్ళకి ఏడు.
ఒకసారి వెనకనుంచి అరిచింది:
"అంగలెయ్యకు! పొయ్యిమీద పాలు పొంగుతుంటే
వంటింట్లోకి ఎలా పోతావు?"
నాకు తెలీకుండానే అడుగులు పొట్టివయ్యాయి,
చురుగ్గా, చప్పుడు తక్కువగా, నా కిందే పడుతూ.

ఆగస్టులో పాంపేరో గాలి.
ఎదురెళ్తే పది, వెనుదిరిగితే ఏడున్నర,
వాచీ రెండుసార్లూ అబద్ధమే చెప్పింది.
సెప్టెంబరులో జలుబు, వారం రోజులు పరుపు.
లేచి వస్తే మళ్ళీ తొమ్మిదే.
బూట్లు నదిలోకి విసిరేద్దామనిపించింది;
ఖరీదు గుర్తొచ్చి ఆగాను.

నవంబరు. ఒక మామూలు మంగళవారం.
ప్లాతా నీళ్ళు టీ రంగులో పడుకుని ఉన్నాయి.
నేనో కథ ఎత్తుకున్నాను:
మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య
పెళ్ళికేకుతో సహా ఇరుక్కుపోయిన ఎదెల్మిరో సంగతి.
వాడు ఆకలికి ముందు చక్కెరపువ్వులు తిన్నాడు,
ఆనక కేకు పై అంతస్తు మీద పడ్డాడు,
ఆనక...
మణికట్టు మీద వాచీ కీచుమంది.
ఏడూ ముప్ఫై ఒకటి.

తిరిగి చూస్తే సైకిలు ఎక్కడో ఉంది.
"ఆగు," అంది దోన్యా నేలిదా,
"ఆగు... బాబూ..."
పూర్తి వాక్యం రాలేదు ఆమెకి.

గట్టు మీద కూర్చున్నాం.
పరుగెత్తి తాగే పాలు కావు,
నిలబడి తాగే నీళ్ళూ కావు,
మాకు దొరికింది కూర్చుని తాగే చేదు మతే.
"ఇంతకీ కేకు ఏమైంది?" ఊపిరి కుదిరాక అడిగింది.
చెప్పాను, మళ్ళీ మొదట్నుంచి.

వాచీ ఆపడం మరిచిపోయాను.
ఇంటికెళ్ళి చూస్తే రెండో కిలోమీటరు:
యాభై రెండు నిమిషాలు.
అదీ రాసుకున్నాను నోటుబుక్కులో,
ఏడూ ముప్ఫై ఒకటి కిందే.